లంచ్‌బాక్స్ సినిమా చివర్లో, ఒకరినొకరు కలవకుండానే ఉత్తరాలు రాసుకున్న ఇల, సాజన్ కలుస్తారా?

కలుస్తారు. నాకు రవ్వంత అనుమానం లేదు. నాసిక్ బయలుదేరిన సాజన్ ఫెర్నాండెజ్ దారిలోనే మనసు మార్చుకుని వెనక్కి వస్తాడు. ఆఖరి దృశ్యంలో లోకల్ రైల్లో, పాడుకుంటున్న డబ్బావాలాల మధ్య, అంటే ముంబైలో ఇళ్ల నుంచి ఆఫీసులకు భోజనం క్యారియర్లు చేరవేసేవాళ్ల మధ్య, కూర్చుని ఉంటాడు. ఇల ఇల్లు ఎక్కడో వాళ్లకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?

"ఏమీ జరగదు, నెమ్మది" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గంటా ముప్పావు కూడా లేని సినిమాను వేగం పెంచి చూస్తే ఏం మిగులుతుంది? సాజన్‌గా ఇర్ఫాన్ ఖాన్ క్యారియర్ గిన్నె మూత తీసి వాసన చూస్తాడే, ఆ ఒక్క క్షణం కోసమైనా ఓపిక పట్టాలి. మన సినిమాల్లో పరిచయం లేని ఇద్దరు దగ్గరవ్వాలంటే అతను ఆమె వెంట పడాలి, మధ్యలో వాన కురవాలి. దర్శకుడు రితేష్ బత్రా 2013లో తన మొదటి సినిమాకే నాలుగు గిన్నెలు, కాసిని ఉత్తరాలతో సరిపెట్టుకున్నాడు.

అమ్మ పోయిన మరుసటి ఏడాది ఈ సినిమా నాన్నగారికి చూపించాను. ఆయనకు హిందీ అంతంతమాత్రం. ఉత్తరం వచ్చినప్పుడల్లా నేను తెలుగులో చెబుతున్నాను. భర్త కోసం ఇల ప్రత్యేకంగా వండిన భోజనం దారి తప్పి సాజన్‌కు చేరుతుంది. గిన్నెలు నాకినట్టు ఖాళీగా తిరిగి వస్తాయి. ఆమె కృతజ్ఞతలు రాసి పంపితే, ఈ రోజు ఉప్పు ఎక్కువైందని జవాబు. అది చెప్పగానే నాన్నగారు "కాస్త ఆపమ్మా" అన్నారు.

లేచి వంటింట్లోకి వెళ్లారు. గ్లాసు పట్టుకుని, నీళ్లు తాగకుండా కిటికీ దగ్గరే నిలబడ్డారు.

"మీ అమ్మకు ముప్పై ఎనిమిదేళ్లూ నేను చెప్పింది ఇదేనే. ఉప్పు ఎక్కువైంది, ఉప్పు తగ్గింది. బాగుందని ఒక్కసారన్నా అన్నానా?"

నేను మాట్లాడలేకపోయాను. ఆయన ఆఫీసు నుంచి రాగానే అమ్మ క్యారియర్ అందుకుని, తొట్టి దగ్గర ఒక్కో మూతా తీసి చూసుకునేది. ఖాళీ గిన్నె కనిపిస్తే ఆ పూటకు అదే ఆమెకు మెప్పు.

తర్వాత వచ్చి కూర్చుని చివరిదాకా చూశారు. హోటల్లో ఎదురుచూస్తున్న ఇలను దూరం నుంచే చూసి, తాను ముసలివాడినయ్యానని సాజన్ పలకరించకుండా వెళ్లిపోయినప్పుడు నాన్నగారికి కోపం వచ్చింది. "వెళ్లి మాట్లాడాలి కదా!" అన్నారు, గట్టిగానే.

రైలు దృశ్యంతో సినిమా అయిపోయింది. కలిశారో లేదో చూపించలేదేమిటని నేనడిగితే, నాన్నగారు నా వైపు వింతగా చూశారు.

"రైలెక్కాడుగా," అన్నారు.