ముందు విప్పి చూద్దాం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా హాల్లో సీలింగ్ ఫ్యాన్ పాతది. ఈ వేసవిలో బాగా నెమ్మదించింది. ఐదు మీద పెట్టినా రెండు మీద తిరిగినట్టుంటోంది. చూడ్డానికి వచ్చినతను వైండింగ్ పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నాడు. నిజంగా పోయినట్టేనా?
(ఒక గృహిణి, భీమవరం)

అమ్మా, డబ్బులు తీయకండి. వైండింగ్ కాలితే మాడిన వాసన వస్తుంది, లేదంటే మోటారు డొప్ప చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, లేదంటే ఫ్యాన్ అసలు తిరగదు. వాసనా వేడీ లేకుండా నెమ్మదిగా తిరిగే ఫ్యాన్‌లో నేను మొదట అనుమానించేది కండెన్సర్‌ని.

అలా ఎందుకంటే, ఈ ఫ్యాన్ మోటారులో రెండు వైండింగులు ఉంటాయి. రెండో దానికి కరెంటు కాస్త ముందువెనకలుగా అందితేనే మోటారు ఒక దిక్కుకి బలంగా తిరుగుతుంది. ఆ తేడా తెచ్చేది కండెన్సర్. అందులో పల్చటి ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత ఉంటుంది. కరెంటు ఎగిరిపడినప్పుడల్లా ఆ పొరకి సూది మొనంత చిల్లు పడుతుంది, చుట్టూ ఉన్న పూత ఆవిరై ఆ చిల్లు అక్కడికక్కడే మూతపడుతుంది. అందుకే అది ఒక్కసారిగా చచ్చిపోదు. ఏళ్లు గడిచేకొద్దీ పూత తరిగిపోయి, 2.5 మైక్రోఫారడ్ (కండెన్సర్ సామర్థ్యాన్ని కొలిచే లెక్క) ఉండాల్సింది రెండుకో, ఒకటిన్నరకో దిగుతుంది. ఫ్యాన్ కూడా దానితో పాటే నెమ్మదిస్తుంది. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. ఇంత చిన్న డబ్బీ తనని తాను బాగుచేసుకుంటూ అన్నేళ్లు పనిచేస్తుంది.

తేల్చుకోవడం కష్టం కాదు. మిగతా గదుల్లో ఫ్యాన్లు కూడా సాయంత్రం పూట నెమ్మదిస్తే అది వోల్టేజి సమస్య, మీ ఫ్యాన్‌ది కాదు. ఒక్క ఈ ఫ్యానే అయితే, మెయిన్ ఆపి రెక్కని చేత్తో తిప్పండి. హాయిగా తిరిగి మెల్లగా ఆగితే బేరింగులు బాగున్నట్టు. గరగర శబ్దం వస్తూ వెంటనే ఆగిపోతే బేరింగులే పోయాయి. ఇప్పటి స్టెప్ రెగ్యులేటర్లలో ఐదు మీద కరెంటు నేరుగా వెళ్తుంది కాబట్టి, ఐదు మీద కూడా నెమ్మదిగా ఉందంటే రెగ్యులేటర్‌ని అనుమానించనక్కర్లేదు.

కండెన్సర్ సీలింగ్‌కి దగ్గరగా కడ్డీ మీద ఉండే గిన్నె మూతలోనో, మోటారు పైన ఉండే మూతలోనో ఉంటుంది. గోడ మీద స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు, మెయిన్ ఆపాలి. కొన్ని ఇళ్లలో స్విచ్‌ని ఫేజుకి (కరెంటు వచ్చే తీగ) బదులు న్యూట్రల్‌కి (తిరిగి వెళ్లే తీగ) వేసి ఉంటారు. అక్కడ స్విచ్ ఆపినా తీగలో కరెంటు ఉంటుంది. టెస్టర్ పెట్టి చూసుకున్నాకే నిచ్చెన ఎక్కండి, నిచ్చెన పట్టుకోవడానికి ఇంకొకరిని పిలవండి. పాత కండెన్సర్ రెండు కొసలూ ఒకదానికొకటి తగిలించి లోపల మిగిలిన కరెంటు ఖాళీ చెయ్యండి. దాని మీద ఏ అంకె ఉంటే కొత్తదాని మీదా అదే ఉండాలి. చాలా వాటి మీద 2.5 మైక్రోఫారడ్, 440 వోల్టులు అని ఉంటుంది. వంద రూపాయల లోపే దొరుకుతుంది. నాలుగు మైక్రోఫారడ్‌ది వేస్తే గాలి దంచేస్తుందని కొందరు సలహా ఇస్తారు. వినకండి. రెండో వైండింగ్ వేడెక్కి ఫ్యాన్ ఆయుష్షు తగ్గుతుంది.

నిచ్చెన ఎక్కారు కదా, రెక్కల ముందంచున పేరుకున్న దుమ్ము కూడా తడి గుడ్డతో తుడవండి.

కొత్త ఫ్యాన్ కొనడానికి మంచి కారణం వేరే ఉంది. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటే, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్ 30 వాట్ల చుట్టుపక్కల తింటుంది. రోజుకి 12 గంటలు తిరిగితే నెలకి 16 యూనిట్ల తేడా. ఆ లెక్క చూసి కొనాలనిపిస్తే కొనండి. పాడైందని ఎవరో భయపెడితే మాత్రం కొనొద్దు.

ప్రశ్న: ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే చిమచిమలాడుతోంది. చెప్పులు వేసుకుంటే ఏమీ తెలియదు. అద్దె ఇల్లు. ఇంటి ఓనరు "అది మామూలే, ఏం కాదు" అంటున్నారు. ఇంట్లో నడక నేర్చుకుంటున్న బాబు ఉన్నాడు.
(ఒక పాఠకుడు, నల్గొండ)

బాబూ, ఇది చదివిన వెంటనే వెళ్లి ఆ ప్లగ్గు తీసెయ్యండి. ఎర్తింగ్ సంగతి తేలేదాకా పెట్టొద్దు. పాలు విరిగినా పరవాలేదు. పిల్లవాడు ఒట్టి కాళ్లతో, తడి చేతులతో తిరుగుతాడు. పెద్దవాళ్లకి చిమచిమగా అనిపించేది వాడికి అక్కడితో ఆగకపోవచ్చు.

చిమచిమకి రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, ఈ రోజుల్లో చాలా పరికరాల లోపల ఫిల్టర్ల గుండా కొద్దిపాటి కరెంటు బాడీకి వస్తుంది. ఎర్తు ఉంటే అది నేలలోకి పోతుంది, లేకపోతే మన ఒంట్లోంచి పోతుంది. రెండోది, లోపల నిజంగానే ఏదో తీగ ఒరుసుకుని బాడీకి తగులుతూ ఉండటం. ఇది ప్రాణాంతకం. మీ చేతికి రెండూ ఒకేలా అనిపిస్తాయి. ఏది అన్నది పరీక్షించకుండా తెలియదు. రెండిట్లోనూ మొదట తేలాల్సింది మాత్రం ఒకటే: మీ ఇంటికి ఎర్తు ఉందా?

త్రీ పిన్ ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉండే పిన్ను ఎర్తుది. మిగతావాటికంటే ముందు అది తగలాలనే దాన్ని పొడుగు చేశారు. చాలా అద్దె ఇళ్లలో ఆ పై కన్నం వెనక తీగే ఉండదు. ఉన్నా, అది బోర్డు దాకా వచ్చి అక్కడే వేలాడుతూ ఉంటుంది. మల్టీమీటర్ వాడటం వచ్చిన ఎలక్ట్రీషియన్ని పిలిచి మూడు కొలతలు తీయించండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 చుట్టుపక్కల రావాలి. ఫేజుకీ ఎర్తుకీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఒకటి రెండు వోల్టులు మించకూడదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మీటరు తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి, బలహీనమైన ఎర్తు కూడా మీటరులో 230 చూపించగలదు. అంకె రాలేదంటే ఎర్తు లేనట్టే. వచ్చినంత మాత్రాన బాగున్నట్టు కాదు. ఎర్తు టెస్టరుతో కొలిపించాల్సిందే.

మీ వైపు నేల రాతి నేల. వేసవిలో ఎర్తు గుంట ఎండిపోతే ఉప్పూ బొగ్గూ వేసి ఉన్నా లాభం ఉండదు. గుంట ఎక్కడుందో కనుక్కుని ఎండాకాలమంతా నీళ్లు పోస్తూ ఉండండి. ఎవరైనా ఎర్తు తీగని న్యూట్రల్‌కి కలిపేస్తే సరిపోతుందంటే చెయ్యనివ్వకండి. బయట ఎక్కడైనా న్యూట్రల్ తెగితే ఫ్రిజ్ బాడీ మొత్తం ఫేజు అవుతుంది. నీళ్ల పైపుకి కట్టడం కూడా వద్దు. పైపులన్నీ ప్లాస్టిక్ అయ్యాయి, ఉపయోగం లేదు. ఇనుప పైపు అయితే పక్కింటి వాళ్ల పంపుకి మీ షాకు వెళ్తుంది.

ఇక మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎమ్‌సీబీ (కరెంటు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్) ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ కాపాడేది తీగలని, మనుషుల్ని కాదు. మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చే కరెంటు దానికి లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరిచూసి, తేడా వస్తే క్షణంలో కొట్టేస్తుంది. దాని మీదున్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కుతూ ఉండాలి.

ఓనరుగారితో వాదించకండి. మీటరు పెట్టి ఆయన కళ్ల ముందే చూపించండి. అప్పటికీ ఒప్పుకోకపోతే మీరే చేయించి అద్దెలో సర్దమని అడగండి. అదీ కుదరకపోతే ఇల్లు మారండి. ఈ మాట నేను తేలిగ్గా అనడం లేదు.

ప్రశ్న: కొబ్బరి పచ్చడి రుబ్బుతుంటే మిక్సీ ఆగిపోయింది. మళ్లీ ఉలకలేదు, పలకలేదు. షాపుకి తీసుకెళ్లాలా?
(ఒక పాఠకురాలు, అనకాపల్లి)

ప్లగ్గు తీసి మిక్సీని తిరగేయండి. అడుగున ఎర్రటి చిన్న బటన్ ఉంటుంది. పది నిమిషాలు చల్లారనిచ్చి దాన్ని లోపలికి నొక్కండి. అది ఓవర్‌లోడ్ స్విచ్, బరువెక్కువైతే తనే తెంపుకుంటుంది. జార్ సగం ఖాళీ చేసి, కాస్త నీళ్లు పోసి ఆపి ఆపి తిప్పండి. ఖాళీ జార్‌తో కూడా ఆ బటన్ పడిపోతుంటే అప్పుడు షాపుకి.

ప్రశ్న: బావి మీద మోనోబ్లాక్ మోటారు ఉంది. రోజూ నీళ్లు పోసి ఎక్కించాల్సి వస్తోంది. నిరుడు ఇలా లేదు.
(ఒక రైతు, తణుకు)

మోటారు బాగానే ఉంది సార్, నీళ్లు నిలవడం లేదు. సాయంత్రం పైపు నిండా నీళ్లు పోసి వదిలెయ్యండి. పొద్దున్నే మూత తీసి చూడండి. మట్టం దిగిపోయి పైపు మీద ఎక్కడా తడి లేకపోతే ఫుట్‌వాల్వ్ (పైపు అడుగున నీళ్లు వెనక్కి పోకుండా ఆపేది) కారుతోంది. వాషర్ కింద ఆకో, ఇసుక రేణువో ఇరుక్కుని ఉంటుంది. పైకి తీసి కడిగి, వాషర్ గట్టిపడితే మార్చండి. ఏ జాయింట్ దగ్గరైనా తడి కనిపిస్తే అక్కడినుంచే రాత్రి నీళ్లు, పగలు గాలి.

బావిలో మట్టం ఎంత దిగిందో కూడా తాడు వేసి కొలవండి. పైన కూర్చున్న పంపు నీటిని లాగదు, బయటి గాలి ఒత్తిడే నీటిని పైకి తోస్తుంది. లెక్క ప్రకారం ఆ ఒత్తిడి పది మీటర్ల పైచిలుకు తోయగలదు. పనిలోకి వచ్చేసరికి ఏడు మీటర్లు దాటితే నమ్మకం లేదు. మట్టం అంతకన్నా దిగితే ఎంత పెద్ద మోటారు కొన్నా దండగ, మోటారునే కిందికి దించాలి. నీళ్లు ఎక్కకుండా మాత్రం నిమిషం కూడా తిప్పకండి, సీలు కాలిపోతుంది.

ప్రశ్న: అమ్మ ఇండియా నుంచి మిక్సీ, టేబుల్‌టాప్ గ్రైండర్ తెస్తానంటోంది. ఇక్కడ పనిచేస్తాయా?
(ఒక పాఠకురాలు, డాలస్)

అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. 750 వాట్ల మిక్సీకి 1500 వాట్ల స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే చక్కగా నడుస్తుంది. దాని మోటారుకి హెర్ట్జ్‌తో పనిలేదు. ప్రయాణాలకని అమ్మే చేతిలో పట్టేంత కన్వర్టర్లు వద్దు, చాలావరకు హీటర్ల లాంటి వాటికి తప్ప మోటార్లకి పనికిరావు.

గ్రైండర్ సంగతి వేరు. దాని మోటారు వేగం హెర్ట్జ్‌ని బట్టి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు మారుస్తుందే కానీ హెర్ట్జ్ మార్చదు. రాళ్లు దాదాపు అయిదో వంతు ఎక్కువ వేగంగా తిరుగుతాయి. పిండి వేడెక్కుతుంది. రాళ్లతో కలిపి బరువు కూడా మోయాలి. గ్రైండర్ మటుకు అక్కడి కరెంటుకి తయారైనదే అక్కడే కొనుక్కో అమ్మా. మీ అమ్మగారి చేత మిక్సీ, రెండు అదనపు జార్ వాషర్లు, జార్‌ని మోటారుకి కలిపే కప్లర్ ఒకటి తెప్పించుకో. అవి అక్కడ వెతుక్కోవడం కష్టం.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. నాకూ రిపేర్లు నేర్చుకోవాలని ఉంది. ఐదు వందలు దాచుకున్నాను. ఏం కొనాలి?
(ఒక విద్యార్థి, సిద్దిపేట)

నాన్నా, నీ ఉత్తరం చూసి చాలా సంతోషమైంది. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, కొసలు మార్చుకునే స్క్రూడ్రైవర్ సెట్టు కొనుక్కో. మిగిలితే ఒక నోస్ ప్లయర్. సోల్డరింగ్ ఐరన్ వచ్చే ఏడు. ఊడదీసిన స్క్రూలు వేసుకోవడానికి ఖాళీ బిస్కెట్ డబ్బా ఒకటి ఇంట్లో అడుగు. విప్పేముందు ప్రతి దశలోనూ అమ్మ ఫోనులో ఫోటో తీసుకో.

గోడలోంచి వచ్చే కరెంటు జోలికి పెద్దవాళ్లు పక్కన లేకుండా వెళ్లొద్దు. సెల్స్‌తో నడిచేవాటిలోనే నేర్చుకోవడానికి బోలెడుంది. మీటరు రాగానే ఇంట్లో ఉన్న సెల్స్ అన్నీ కొలువు. 1.5 అని రాసి ఉన్న కొత్త ఆల్కలైన్ సెల్ 1.6 దాకా చూపిస్తుంది. టార్చిలో వెలుగు తగ్గించేసిన సెల్ గోడ గడియారంలో ఇంకా కొంతకాలం నడుస్తుంది. ఎందుకలా అన్నది నువ్వే ఆలోచించి రాయి. వచ్చే నెల దాని గురించి మాట్లాడుకుందాం.