అమ్మగారితో ఈమోరియామా కొండ: మోకాళ్ల నొప్పి ఉన్నా వెళ్లొచ్చు

టోక్యో నుంచి ఒక్క రోజులో జపాన్‌లోని ఐజు-వకమత్సు ఊరికి వెళ్లి రావచ్చా, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు అక్కడి ఈమోరియామా కొండ ఎక్కగలరా అని అడిగారు కదండీ. టెన్షన్ వద్దు, వెళ్లొచ్చు.

షింకన్‌సెన్ బుల్లెట్ రైలులో కోరియామా వరకు వెళ్లి, అక్కడ బాన్-ఎత్సు పడమటి లైన్ రైలు ఎక్కండి. మొత్తం సుమారు మూడు గంటలు, కాబట్టి పొద్దున్నే బయలుదేరాలి. ఐజు-వకమత్సు స్టేషన్ బయట ఊరంతా చుట్టే బస్సు కొండ కింద దింపుతుంది.

మెట్లు నిటారుగా ఉంటాయి. పక్కనే టికెట్ తీసుకుని ఎక్కే కన్వేయర్ (మనుషుల్ని పైకి మోసుకెళ్లే కదిలే పట్టీ) ఉంది, అమ్మగారిని అందులోనే తీసుకెళ్లండి. చలికాలంలో అది నడవదు. అందుకే ఏప్రిల్ చివర్లోనో అక్టోబర్‌లోనో వెళ్లడం మేలు.

పైన 19 సమాధులు వరుసగా ఉంటాయి. 1868లో కొత్త ప్రభుత్వ సైన్యంతో ఐజు సంస్థానం చేసిన యుద్ధంలో బ్యక్కోతై అనే ఐజు సమురాయ్ దళం కుర్రాళ్లు, 16, 17 ఏళ్ల వాళ్లు, ఇక్కడి నుంచి ఊళ్లో లేస్తున్న పొగ చూసి తమ త్సురుగ కోట పడిపోయిందనుకుని ప్రాణాలు తీసుకున్నారని చెబుతారు. కోట అప్పటికి పడలేదు. ఇంకో నెల నిలిచింది! వాళ్లలో ఒక్క ఈనుమా సదకిచి మాత్రం బతికాడు. వాళ్లు చూసిన చోటి నుంచి త్సురుగ కోట వెతకండి. ఇళ్ల మధ్య ఎంత చిన్నగా కనిపిస్తుందో చూస్తే ఆ పొరపాటు ఎలా జరిగిందో అర్థమవుతుంది.

దిగేటప్పుడు 1796 నాటి సజాయెదో చెక్క గుడి వదలకండి. ఎక్కే దారి, దిగే దారి వేర్వేరుగా మెలితిరిగి ఉంటాయి. లోపలంతా ఏటవాలు చెక్కలే కాబట్టి అమ్మగారు బయటే కూర్చుంటే మంచిది. సాయంత్రం కోటకు బస్సులోనే వెళ్లండి.