నూకలు వేస్తే బీరు పల్చబడిందేం?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, సెలవు రోజుల్లో ఇంట్లోనే బీరు చేసుకుంటాడు. ఈమధ్య 3 కిలోల బార్లీ మాల్ట్‌కి కిలోన్నర బియ్యం నూకలు కలిపి, 66 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ఉంచి, 20 లీటర్లు చేశాడు. నీళ్ళలోకి ఎంత చక్కెర దిగిందో సాంద్రతని బట్టి చెప్పే హైడ్రోమీటర్‌లో 1.050 వస్తుందనుకుంటే (ఉత్త నీళ్ళకైతే 1.000) 1.036 వచ్చిందట, పైగా బీరు గంజినీళ్ళలా మసగ్గా ఉందట. తప్పు మాల్ట్‌దా, నూకలదా? ఇక్కడి నుంచి మా చేలో పండిన స్వర్ణ నూకలు పంపమంటారా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: రెండిటిదీ కాదండి. నూకలు ఉడకలేదు, అంతే. 3 కిలోల మాల్ట్ ఒక్కటే 20 లీటర్లకి దాదాపు 1.034 ఇస్తుంది, అంటే ఆ కిలోన్నర నూకల్లోంచి మీ తమ్ముడికి దక్కింది ఇంచుమించు సున్నా. పిండి పిండిగానే ఉండిపోయింది, ఆ మసక కూడా చాలావరకు దానిదే.

నారుమడికి విత్తనం నానేసి గోనెసంచిలో మండె కడతారు కదా, మర్నాటికి సంచిలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, గింజకి తెల్లటి ముక్కు వచ్చి ఉంటుంది. గింజ అప్పుడు తనలో దాచుకున్న పిండిని చక్కెరగా మార్చి మొలకకి పెట్టడానికి ఎంజైమ్‌లు తయారుచేసుకుంటుంది. బార్లీని కూడా అలాగే నానబెట్టి, మొలకెత్తించి, సరైన సమయంలో వేడిగాలితో ఆరబెట్టి ఆపేస్తే మాల్ట్ అవుతుంది. బియ్యానికి ఆ దశే లేదు, పైగా మిల్లులో మొలక భాగం కూడా పోతుంది. కాబట్టి నూకల్లోని పిండిని కూడా మాల్ట్ ఎంజైమ్‌లే విడగొట్టాలి.

అవి విడగొట్టగలవు కూడా, కానీ పిండి ముందు నీళ్ళు పీల్చుకుని ఉబ్బి మెత్తబడాలి. బార్లీ, గోధుమ పిండి 60 డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడతాయి. బియ్యం రకాన్ని బట్టి 70 దాటాలి, కొన్నిటికి 80 దగ్గరికి వెళ్ళాలి. మాల్ట్ ఎంజైమ్‌లు హాయిగా పనిచేసేది 63 నుంచి 70 లోపు, 80 దగ్గర అవి చచ్చిపోతాయి. ఒకే గిన్నెలో రెండూ కుదరవు. 66 డిగ్రీల నీళ్ళలో వేసిన బియ్యం అన్నం అవుతుందా చెప్పండి, ఎంతసేపు ఉంచినా అవదు.

ఈసారి నూకలు విడిగా ఉడికించమనండి. కిలో నూకలకి నాలుగైదు లీటర్ల నీళ్ళు పోసి, అందులో అదే మాల్ట్ ఓ 100 గ్రాములు పొడిచేసి వేసి, 70 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచి, తర్వాత అరగంట మరగనివ్వాలి. ఆ కాస్త మాల్ట్ వేయకపోతే జావ గట్టిపడి గరిటె తిరగదు, వేస్తే చారులా పల్చబడుతుంది. అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి, మాడిన వాసన బీరులోకి వచ్చిందంటే ఇక పోదు. జావని 70 దాకా చల్లార్చి, అప్పుడు అసలు మాల్ట్ గిన్నెలో కలపాలి. మరుగుతున్నది మరుగుతున్నట్టు గుమ్మరిస్తే ఎంజైమ్‌లు అక్కడికక్కడే పోతాయి.

పిండి అంతా చక్కెర అయిందో లేదో చెప్పడానికి నేను బ్రూవరీ ల్యాబ్‌లో పనిచేసిన రోజుల్లో రోజూ చేసిన పరీక్ష ఒకటుంది, ఇంట్లోనూ చేసుకోవచ్చు. తెల్ల పింగాణీ సాసర్‌లో పొట్టు పడకుండా మాల్ట్, జావ కలిపిన గిన్నెలోని ద్రవం నాలుగు చుక్కలు వేసి, చల్లారాక పక్కన ఒక్క చుక్క అయోడిన్ వేసి, అంచులు కలిసేచోట చూడాలి. నల్లగా, నేరేడుపండు రంగులో మారితే పిండి ఇంకా ఉంది, మరో 20 నిమిషాలు ఆగాలి. అయోడిన్ తన గోధుమరంగులోనే ఉండిపోతే పని అయినట్టే. ఆ చుక్కలు పారబోయాలి, తిరిగి గిన్నెలో పోయకూడదు.

ఇంత శ్రమ వద్దనుకుంటే అటుకులు వాడమనండి! నానబెట్టి, వేయించి, అణిచినవి కాబట్టి వాటి పిండి అప్పటికే చాలావరకు మెత్తబడి ఉంటుంది, నేరుగా మాల్ట్‌తో కలిపేయొచ్చు. ఉప్పు లేని మరమరాలూ అంతే. ఓట్స్ అటుకులకీ గోధుమరవ్వకీ విడిగా ఉడికించే పని లేదు. మొక్కజొన్న రవ్వనీ జొన్ననీ మాత్రం బియ్యంలాగే ఉడికించాలి.

మొత్తం గింజల్లో బియ్యం 20–30 శాతం చాలు. మాల్ట్ ఏ రకమో కూడా చూసుకోవాలి, లేత రంగు మాల్ట్‌లో ఎంజైమ్ బలం ఎక్కువ, మ్యూనిక్ రకంలో తక్కువ, క్రిస్టల్ మాల్ట్‌లో అసలు ఉండదు. చక్కెరని ఆల్కహాల్‌గా మార్చే ఈస్ట్‌కి కావలసిన నత్రజని కూడా మాల్ట్ నుంచే రావాలి, బియ్యంలో ఆ పోషణ లేదు.

బియ్యం వేయడం కల్తీ అని కొందరు తీసిపారేస్తారు, నేను అస్సలు ఒప్పుకోను. అప్పట్లో అమెరికాలో దొరికిన, వెన్నుకి ఆరు వరసల గింజలుండే బార్లీలో ప్రొటీన్ మరీ ఎక్కువైతే, అక్కడ స్థిరపడ్డ జర్మన్లు బియ్యం, మొక్కజొన్న కలిపి బీరుని తేలిక చేశారు. 1876లో వచ్చిన బడ్‌వైజర్ బియ్యం బీరే. బియ్యం రంగు తగ్గిస్తుంది, నోట్లో తేలిగ్గా ఉంటుంది, అది కావాలనుకునేవాళ్ళకి అదే గుణం.

నూకలు మాత్రం పంపకండి. నిలవ ధాన్యాన్ని తినేసే ఖాప్రా పురుగు భయంతో మన బియ్యాన్ని ప్రయాణికుల సామానులో అమెరికాలోకి రానివ్వరు. స్వర్ణ మన మార్టేరులో పుట్టిన వంగడం, మీ ముచ్చట నాకు అర్థమైంది, కానీ ఈ పనికి అక్కడ కొట్లో దొరికే మామూలు తెల్లబియ్యం చాలు. తవుడు పోకుండా ఉన్నవి వద్దు, ఆ నూనెకి నురగ నిలవదు.

ప్రశ్న: ఇదంతా ఇక్కడ ఇంట్లో చేసుకోవచ్చాండీ?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: వద్దండి. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం, బీరూ అందులోకే వస్తుంది. అమెరికాలో 1978లో చేసిన చట్టంతో ఇంటి వాడకానికి అనుమతి వచ్చింది, ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అమ్మకూడదు.

ప్రశ్న: మాది తణుకులో రైసుమిల్లు. బీరు చేసేవాళ్ళు ఊక కొంటారని విన్నాను, దేనికండీ?
– ఒక మిల్లు యజమాని

జవాబు: నానిన గింజల్లోంచి తియ్యటి నీళ్ళు వడపోయడానికి. బార్లీకి పొట్టు ఉంటుంది, అదే జల్లెడలా పనిచేస్తుంది. పొట్టులేని బియ్యం, గోధుమ, ఓట్స్ ఎక్కువైతే అంతా బంకలా పట్టేసి చుక్క కిందికి దిగదు. 5 కిలోల గింజలకి పావుకిలో ఊక కడిగి కలిపితే దారి ఇస్తుంది, రుచి మారదు. ఇక్కడ బాయిలర్లకీ ఇటుక బట్టీలకీ పోయే ఊకే అమెరికాలో శుభ్రం చేసి, సంచుల్లో కట్టి అమ్ముతారు. మిల్లు వెనక గుట్టలోది మాత్రం పనికిరాదు, దాంట్లో మట్టీ ఇసుకా ఉంటాయి.