మీరడిగారు: నేల కదిలినప్పుడు కొలిచేదెలా?

ఈ వారం ఉత్తరాల్లో ఎక్కువ భాగం భూకంపాల మీదే ఉన్నాయి. కొలిచే పరికరాల గురించి అడిగినవి ఏరి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్ర: 2024 డిసెంబరు 4న పొద్దున ములుగు దగ్గర భూకంపం వచ్చినప్పుడు మా అయిదో అంతస్తులో మంచం ఊగింది, వంటింట్లో గిన్నెలు చప్పుడు చేశాయి. కింద వాచ్‌మన్ వాళ్ళకి ఏమీ తెలియలేదట. ఇద్దరికీ అదే 5.3 అంటే ఎలా? – ఒక గృహిణి, పటమట, విజయవాడ

జ: అమ్మా, 5.3 అనే అంకె, అంటే మాగ్నిట్యూడ్, ములుగు కింద, సుమారు 40 కిలోమీటర్ల లోతున రాయి ఒక్కసారిగా జారినప్పుడు అక్కడ జరిగినదానికి కొలత. ఒక భూకంపానికి అది ఒకటే ఉంటుంది. మీ మంచం ఎంత ఊగింది అనేది వేరే లెక్క, అది ఊరూరికీ, వీధి వీధికీ, మీరు చూసినట్టు అంతస్తు అంతస్తుకీ మారిపోతుంది.

ములుగు నుంచి మీ పటమట దాకా నేలలో 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. అంత దూరం ప్రయాణించేసరికి గబగబా అదిరే చిన్న కంపనాలు దారిలోనే చాలావరకు అణిగిపోతాయి, నెమ్మదిగా ఊపే తరంగాలే ఎక్కువగా మిగులుతాయి. అయిదంతస్తుల భవనానికి తనదైన ఊపు ఒకటుంది, ఒకసారి అటూ ఇటూ ఊగడానికి సుమారు అర సెకను, పదంతస్తులదైతే సుమారు సెకను పడుతుంది. వచ్చిన తరంగం దాదాపు అదే లయలో ఉంటే పై అంతస్తు ఊపు పెరుగుతూ పోతుంది, నేల మీద ఉన్నవాళ్ళకి ఏమీ తెలియదు. అప్పుడు మీరు కూర్చునో పడుకునో ఉండి, వాళ్ళు పనిలో అటూ ఇటూ తిరుగుతూ ఉంటే ఆ తేడా ఇంకా ఎక్కువ.

దీనికి తోడు మట్టి. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండల దగ్గర కింద రాయి ఉంది. ఏటి వైపు వచ్చేకొద్దీ కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు. మెత్తటి మట్టి కొన్ని తరంగాలను బాగా పెంచి పైకి పంపుతుంది. 1985లో మెక్సికో సిటీ దెబ్బతిన్నది ఇందుకే, భూకంపం పుట్టిన చోటు అక్కడికి 350 కిలోమీటర్ల పైనే ఉన్నా, పాత చెరువు అడుగున కట్టిన ఊరు కాబట్టి బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. దీన్ని కొలవడానికి ఇంజనీర్లు రాయి మీద ఒక పరికరం, ఒండ్రు మీద ఒక పరికరం ఒకేసారి పెట్టి ఒకే భూకంపాన్ని రెండుచోట్లా నమోదు చేసి పోలుస్తారు. భూకంపం కోసం ఆగలేకపోతే, నేలలో ఎప్పుడూ ఉండే అతి సన్నటి అదురునే కాసేపు రికార్డు చేసి, ఆ మట్టి ఏ లయలో ఊగుతుందో అంచనా వేస్తారు. భూకంపాన్ని తట్టుకునేలా కట్టడానికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 1893 కోడ్ 2016 ప్రతిలో విజయవాడ మూడో జోన్‌లో (భూకంప ప్రమాదాన్నిబట్టి చేసిన విభాగం) ఉంది, కానీ జోన్ అనేది ఊరంతటికీ కలిపి ఒకటే. మీ స్థలం కింద మట్టి ఎలాంటిదో జోన్ చెప్పదు, మట్టి పరీక్షే చెప్పాలి. ఇక్కడ కొత్త అపార్ట్‌మెంట్లో ఫ్లాట్ కొనేవాళ్ళు లిఫ్టు ఏ కంపెనీదని అడుగుతున్నారు, మట్టి పరీక్ష రిపోర్టు చూపించమని అడిగేవాళ్ళు తక్కువ. అది తప్పకుండా అడగండి.

ఇంకొక మాట. ఈసారి అలాంటిది తెలిస్తే అమెరికా భూగర్భ సర్వే వాళ్ళ 'డిడ్ యు ఫీల్ ఇట్' పేజీలో ఏ ఊళ్ళో, ఏ అంతస్తులో, ఏం కదిలిందో రాయండి. పరికరాలు లేని వీధుల్లో ఊపు ఎంతుందో తెలిసేది మీలాంటివాళ్ళు రాసినదాన్నిబట్టే. మీకేమీ తెలియకపోతే ఆ సంగతీ రాయండి, వాళ్ళకు అదీ కావాలి.

ప్ర: గుంటూరులో పాలిటెక్నిక్ చదువుతున్నాను. ఇంట్లో తయారుచేసిన సీస్మోమీటరు (నేల కదలికను కొలిచే పరికరం) నిజంగా పనిచేస్తుందా, లేక ప్రాజెక్టు మార్కుల వరకేనా? – ఒక విద్యార్థి, బ్రాడీపేట

జ: పనిచేస్తుంది బాబూ, చాలా బాగా పనిచేస్తుంది, కాకపోతే దేన్ని పట్టుకోవాలనుకుంటున్నావో ముందే తేల్చుకోవాలి.

సూత్రం ఒక్కటే. బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్ళు వెనక్కి తూలినట్టు, నేల కదిలినా స్ప్రింగుకు వేలాడే బరువు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఆ బరువుకీ, నేలతో పాటు కదిలే చట్రానికీ మధ్య తేడాయే మనం కొలిచేది. బరువుకు అయస్కాంతం తగిలించి, దాని చుట్టూ సన్నటి ఎనామిల్ రాగి తీగ చుట్టిన కాయిల్‌ని చట్రానికి బిగిస్తే, కదలిక వేగాన్నిబట్టి తీగలో వోల్టేజి పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయర్‌లో పెంచి, డిజిటల్‌గా మార్చి, రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటరుకు ఇవ్వాలి. పిల్లలు ఆడుకునే స్లింకీ స్ప్రింగుతోనే ఇలాంటి నిలువు సీస్మోమీటర్లు బడుల్లో నడుస్తున్నాయి. అదంతా వద్దనుకుంటే జియోఫోన్ కొనుక్కో, చమురు అన్వేషణలో నేలకు గుచ్చే చిన్న డబ్బా అది.

జియోఫోన్లు ఎక్కువగా 4.5 హెర్ట్జ్ (సెకనుకు నాలుగున్నర ఊపులు) రకం దొరుకుతాయి. దగ్గరలో వచ్చే చిన్న కంపనాలకు అది చాలు. జపాన్‌లోనో ఇండోనేషియాలోనో పెద్దది వచ్చినప్పుడు ఇక్కడికి చేరే ఉపరితల తరంగం ఒక్కసారి ఊగడానికి 20 సెకన్లు తీసుకుంటుంది, అంత నెమ్మదైన ఊపు మామూలు జియోఫోన్‌కు సరిగా అందదు. దానికి గేటు తలుపులా అడ్డంగా ఊగే లోలకం కట్టాలి. గేటు కీలు నిలువు గీతకు రవ్వంత వాలుగా ఉంటే ఊపు బాగా నెమ్మదిస్తుంది. హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) లాంటి చోట్ల వాడే, వేగమైన ఊపునీ నెమ్మదైన ఊపునీ అందుకునే బ్రాడ్‌బ్యాండ్ పరికరం ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. అందులో బరువును అసలు కదలనివ్వరు, కదలబోతున్నదని తెలిసిన క్షణంలో విద్యుత్తుతో ఎదురు బలం వేసి ఆపుతారు, ఆ బలం ఎంతో అదే కొలత.

మొదటిసారి చేసేవాళ్ళు డ్యాంపింగు, అంటే ఊపును అణిచే ఏర్పాటు, మరిచిపోతారు. అది లేకపోతే ఒక లారీ పోయినా నీ బరువు నిమిషం సేపు ఊగుతూనే ఉంటుంది, నువ్వు నేలను కాకుండా స్ప్రింగుని రికార్డు చేసినట్టవుతుంది. అయస్కాంతం పక్కన మందపాటి రాగి రేకు పెట్టు, ఊపు రెండు మూడు సార్లలో ఆగిపోవాలి.

పెట్టే చోటు పరికరమంత ముఖ్యం. మేడ మీద వద్దు. నేల అంతస్తులో, మోటారుకీ ఫ్రిజ్‌కీ దూరంగా, చెట్టు మొదలుకు కూడా దూరంగా పెట్టు, ఎందుకంటే గాలికి చెట్టు ఊగితే వేళ్ళు నేలను కదిలిస్తాయి. వీలైతే ఇంటి గచ్చుతో సంబంధం లేకుండా చిన్న సిమెంటు దిమ్మె పోసుకో. అయినా గుంటూరు స్టేషన్‌కు వచ్చిపోయే గూడ్సు బండ్లు, అరండల్‌పేట ట్రాఫిక్ నీ గ్రాఫులో పగలంతా కనిపిస్తాయి, రాత్రి రెండుకి గీత సన్నబడుతుంది. 2020 లాక్‌డౌన్‌లో ప్రపంచమంతటా సీస్మోమీటర్లలో మనుషుల వల్ల వచ్చే ఈ చప్పుడు పడిపోయింది, కొన్నిచోట్ల సగం దాకా తగ్గింది.

ఇంకా మంచి సంగతి, నీ పరికరం నెమ్మదైన ఊపుని అందుకోగలిగితే, బంగాళాఖాతంలో తుపాను ఉన్నప్పుడు గీత లావెక్కుతుంది. సముద్రపు అలలు అడుగు మీద వేసే ఒత్తిడి నేలలోంచి వచ్చి అయిదారు సెకన్ల ఊపుగా కనిపిస్తుంది. భూకంపం కోసం నెలల తరబడి ఎదురుచూడక్కర్లేదు, ఈసారి వాయుగుండం కబురు రాగానే గీత చూసుకో.

టైము మాత్రం ఇంటర్నెట్ నుంచో జీపీఎస్ నుంచో తీసుకో, యూటీసీలో (ప్రపంచమంతా వాడే ప్రామాణిక కాలం) రాసుకో. ములుగు భూకంపం మనకు 7:27, ప్రపంచ జాబితాల్లో 1:57. దూరం లెక్కకు సులువైన పద్ధతి ఉంది: ముందు పీ తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, వెనక ఎస్ తరంగం సుమారు 3.5తో వస్తుంది. రెండింటి మధ్య సెకన్లను 8తో గుణిస్తే కిలోమీటర్లు. 27 సెకన్లు తేడా ఉంటే 216 కిలోమీటర్లు. ఏ దిక్కున అన్నది ఒక్క పరికరంతో తేల్చడం కష్టం, కాబట్టి తెనాలిలో ఒక స్నేహితుడిని, నరసరావుపేటలో ఇంకొకడిని పట్టుకో, ముగ్గురికీ వచ్చిన దూరాలతో మ్యాపు మీద మూడు వృత్తాలు గీస్తే అవి కలిసే చోటే కేంద్రం.

ప్ర: మా ఊరి పక్కన కంకర క్వారీల్లో బ్లాస్టింగ్ చేస్తే ఇల్లు అదురుతుంది. గోడలకు బీటలు వచ్చాయి. అడిగితే "రూల్ ప్రకారమే పేలుస్తున్నాం" అంటారు. దీన్ని కొలిచే దారి ఉందా? – ఒక రైతు, పేరేచర్ల దగ్గర

జ: ఉందండీ, దీనికి రాతపూర్వకమైన హద్దులు కూడా ఉన్నాయి. ఇక్కడ మాగ్నిట్యూడ్ పనికిరాదు, మీ ఇంటి దగ్గర నేల ఎంత వేగంతో కదిలిందో చూస్తారు, సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లు అని. గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎంఎస్, 1997లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం క్వారీ యజమానివి కాని మామూలు ఇళ్ళ దగ్గర, కంపనం 8 హెర్ట్జ్ లోపు ఉంటే 5 మిల్లీమీటర్లు దాటకూడదు, 8 నుంచి 25 మధ్య అయితే 10, ఆపైన 15. నెమ్మదిగా ఊగే కంపనానికి హద్దు ఎందుకు తక్కువ పెట్టారో పైన పటమట జవాబులో ఉంది, ఇళ్ళ ఊపుకు దగ్గరగా ఉండేది అదే.

కొలవడానికి వచ్చినవాళ్ళు ఎక్కడ పెడుతున్నారో దగ్గరుండి చూడండి. మూడు దిక్కుల జియోఫోన్ ఉన్న డబ్బా మీ ఇంటి పునాది పక్కన, నేలలో గట్టిగా దిగగొట్టి ఉండాలి, బాణం గుర్తు క్వారీ వైపు ఉండాలి. వదులు మట్టి మీద ఊరికే పెడితే అది చూపే అంకెను నమ్మలేం. పక్కనే మైకు కూడా ఉండాలి, ఎందుకంటే పేలుడు నేలలోంచే కాక గాలిలోంచి కూడా వస్తుంది. క్వారీ కిలోమీటరు దూరంలో ఉంటే నేల అదురు అర సెకను లోపే వచ్చేస్తుంది, గాలి దెబ్బ మూడు సెకన్లకు వస్తుంది. ముందు కాళ్ళ కింద దడ, తర్వాత కిటికీ అద్దాల గలగల అయితే రెండూ వస్తున్నట్టు. అద్దాలు మాత్రమే గలగలమంటే చాలావరకు గాలి దెబ్బ.

ఈలోపు మీ చేతిలో ఉన్న పని, ప్రతి పేలుడుకీ తేదీ, టైము ఒక నోటుబుక్కులో రాయడం. బీట రెండు చివరలా పెన్సిలు గీత పెట్టి తేదీ వేసి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. పాత బీటకీ పెరిగిన బీటకీ తేడా చూపించలేకపోతే మీటరు అంకె ఒక్కటే మీకు న్యాయం చేయదు. అడగడానికి మొహమాటపడకండి, అది మీ ఇల్లు.

ప్ర: ఫోనులో భూకంపం అలర్ట్ వస్తుందంటున్నారు. ముందే ఎలా తెలుస్తుంది? – గవర్నర్‌పేట, విజయవాడ

జ: పుట్టకముందు తెలియదు, పుట్టాక మీ దగ్గరికి చేరకముందు తెలుస్తుంది. ఫోన్లలో స్క్రీను తిప్పడానికి పనికొచ్చే చిన్న యాక్సిలరోమీటరే కదలకుండా ఉన్న వేలాది ఫోన్లలో ఒకేసారి అదురు గుర్తిస్తే, ఆ కబురు సర్వర్‌కు వెళ్ళి అక్కడి నుంచి దూరంగా ఉన్నవాళ్ళకు వస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఈ సౌకర్యాన్ని గూగుల్ 2023 సెప్టెంబరులో మన దేశంలో మొదలుపెట్టింది. తరంగం కన్నా ఫోను కబురు వేగం, అంతే సూత్రం. ములుగు అంత దూరంలో పుడితే గట్టిగా ఊపే ఎస్ తరంగం ఇక్కడికి నిమిషానికి వస్తుంది, కాబట్టి గ్యాసు కట్టేసి బల్ల కిందకి వెళ్ళే వ్యవధి ఉంటుంది. పులిచింతల దగ్గర పుడితే ఆ వ్యవధి సెకన్లలోకి పడిపోతుంది, కేంద్రం పక్కన ఉన్నవాళ్ళకు అసలు ఉండదు. సెట్టింగ్స్‌లో భద్రత, ఎమర్జెన్సీ అన్నచోట ఆన్‌లో ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

ప్ర: ఫలానా తేదీన భూకంపం వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. మా అమ్మకి టెన్షన్‌తో నిద్ర లేదు. – కొత్తపేట, గుంటూరు

జ: తేదీ చెప్పగల పరికరం ప్రపంచంలో ఎక్కడా లేదు. కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్ అనే చోట 1993 లోపు వస్తుందని శాస్త్రవేత్తలే అంచనా వేసి, నేలనిండా పరికరాలు పాతిపెట్టి ఎదురుచూస్తే 2004 సెప్టెంబరులో వచ్చింది. అమ్మగారికి ఈ సంగతి చెప్పండి, ఆ మెసేజ్ ఇంకెవరికీ పంపకండి. ఒంగోలు దగ్గర 1967లో, భద్రాచలం దగ్గర 1969లో వచ్చాయి కాబట్టి మన ప్రాంతానికి రావనీ అనలేం. ఆమె మంచం పక్కన బరువైన బీరువా ఉంటే గోడకు బిగించండి, తల మీద అటక ఉంటే దాని మీది ఇత్తడి బిందెలు దించేయండి.