అణిచేసింది సరే, ఎక్కడ?

మల్లేశ్వరం, బెంగళూరు

స్రవంతీ,

వ్యాసం అందింది. చేయి తిరుగుతోంది నీకు. చిక్కల్లా మూడో పేరాలోనే: ఐఎల్-10 (కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్) రోగనిరోధక కణాలను అణిచేస్తుందని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఏ పనిని, ఏ మెట్టు దగ్గర?

మోనోసైట్‌నే తీసుకో, సూక్ష్మజీవుల్ని మింగే తెల్ల రక్తకణం అది. ఐఎల్-10 తగిలిందని అదేం మూలన కూర్చోదు. మింగడం ఇంకా జోరుగా సాగుతుంది. ఆగేది, మింగినదాన్ని, రోగనిరోధక దాడిని నడిపించే టి కణానికి చూపించడం. ముందు ఇది చెప్పి, తర్వాతే లోపలికి దిగు.

ఐఎల్-10 కణం మీది తన గ్రాహకానికి అతుక్కోగానే జాక్1, టైక్2 ఎంజైములు స్టాట్3 అనే ప్రోటీన్‌ని లేపుతాయి. ఆపై మోనోసైట్‌లో మార్చ్1 అనే ఎంజైము పెరుగుతుంది. మింగినదాని ముక్కల్ని పైపొర మీద టి కణానికి చూపించే అణువు ఎంహెచ్‌సి-2. దాని తోక కణం లోపలికి వేలాడుతూ ఉంటుంది కదా, అందులో బీటా గొలుసుకున్న లైసిన్ అనే అమైనో ఆమ్లం మీద మార్చ్1 యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ని గుర్తుగా తగిలిస్తుంది. దాంతో ఆ అణువు మోస్తున్న పెప్టైడ్‌తో (ప్రోటీన్ ముక్కతో) సహా లోపలికి పోయి అక్కడే చిక్కుకుంటుంది, లేదా కణం జీర్ణసంచి అయిన లైసోజోమ్‌లో కరిగిపోతుంది. కొట్లో సరుకుంటుంది, షోకేసు మాత్రం ఖాళీ. టి కణాన్ని ప్రేరేపించే మరో పైపొర అణువు సిడి86కీ మార్చ్1 చేతిలో ఇదే గతి, కాబట్టి టి కణానికి రెండో సంకేతమూ సన్నగిల్లుతుంది. మోనోసైట్‌పై ఎంహెచ్‌సి-2 తగ్గడం 1991లోనే తెలుసు, ఇందులో మార్చ్1 హస్తం బయటపడింది 2008లో. ఆ ఎడం రాయదగ్గదే.

టిజిఎఫ్-బీటా అనే మరో సంకేత ప్రోటీన్‌ని ఇదే వాక్యంలో ఇరికించకు. అది ఎంహెచ్‌సి-2 జన్యువులను నడిపే సిఐఐటిఎ ప్రోటీన్‌ని తగ్గిస్తుంది. అంటే అక్కడ జన్యువు దగ్గరే కోత.

వేళ కూడా ముఖ్యం. డెండ్రిటిక్ కణం కూడా టి కణాలకు ముక్కలు చూపించేదే. అది అపరిణతంగా ఉన్నప్పుడు ఐఎల్-10 ఇస్తే అది టి కణాలను మొద్దుబారుస్తుంది. పూర్తిగా పరిణతి చెందాక ఇస్తే పెద్దగా లొంగదు.

ఇక గ్రాఫులు. ఎంహెచ్‌సి-2ని పట్టి చూపే యాంటీబాడీని కణం పైపొర మీదే వేశారా, పొరకు చిల్లులు చేసి లోపలా వేశారా? పైన మాత్రమే కొలిచి తగ్గిందంటే, తయారీ ఆగిందని రాయకూడదు. రక్తం నమూనా సంగతీ అడుగు: గది వేడిలో ఉంచేస్తే మోనోసైట్‌పై హెచ్ఎల్ఎ-డిఆర్ (మనిషిలోని ఒక ఎంహెచ్‌సి-2) తనంతట తానే పెరుగుతుంది. ఐస్‌లో పెట్టాలి, కొద్ది గంటల్లో రంగు పట్టించాలి. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న నమూనా అంకెను నేనైతే నమ్మను! సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల ఒళ్లంతా దెబ్బతినే స్థితి) రోగుల్లో వైద్యులు చూసేదీ ఈ అంకెనే, అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

చివర కాన్సర్ మందుల ఆశలు తీసెయ్. వాటికి వేరే వ్యాసం కావాలి.

ఆశీస్సులతో,
మాస్టారు