బెంగళూరులో తెలుగుతోనే పని జరిగిపోతుంటే కన్నడ మీద ఆసక్తి నిలిచేదెలా?

తెలుగుతో, హిందీతో రోజు గడిచిపోతోంది, కన్నడ మొదలుపెట్టిన ప్రతిసారీ రెండు వారాలకే ఆగిపోతోంది, ఏం చెయ్యాలి అని అడిగారు. నేను బెంగళూరులో ఉంటూ, ఏ క్లాసుకీ వెళ్లకుండా కన్నడ నేర్చుకున్నాను. ఇక్కడ తెలుగువాళ్లకి అడ్డుపడేది కష్టం కాదు, అవసరం లేకపోవడం. కూరగాయలమ్మే ఆవిడ మన యాస వినగానే తెలుగులోకి మారిపోతుంది. ఓనర్ ఆంటీకి తెలుగు వచ్చు. ఆఫీసులో ఇంగ్లిష్. కాబట్టి ఆ అవసరమేదో మనమే కల్పించుకోవాలి.

నేను ఒక్క చోటుని కన్నడకే కేటాయించాను. మా వీధి చివర హాప్‌కామ్స్ (కర్ణాటక రైతుల సహకార సంఘం) కూరగాయల దుకాణం ఉంది. కూరల ధరలు పలక మీద కన్నడలో రాసి ఉంటాయి. బెండెకాయి, బదనెకాయి, హీరేకాయి అని కూడబలుక్కుని చదివి, ధర అడిగి, అర కేజీ తీసుకునేదాకా అక్కడ ఇంకో భాష మాట్లాడను. దుకాణంలో పెద్దాయన మొదట్లో తెలుగులోనే జవాబిచ్చేవారు. "కన్నడదల్లే మాతాడి సార్, కలీతా ఇద్దీని" (కన్నడలోనే మాట్లాడండి సార్, నేర్చుకుంటున్నాను) అన్నాను. అప్పటినుంచి నాకోసం నిదానంగా మాట్లాడేవారు, తప్పు పలికితే సరిదిద్దేవారు, ఊళ్లో వానల గురించి, అమ్మానాన్నల గురించి అడిగేవారు. రేపు ఆయనతో ఏం మాట్లాడాలన్న ఆలోచనే నన్ను రోజూ పుస్తకం ముందు కూర్చోబెట్టింది. ఊరంతా మాట్లాడెయ్యాలని పెట్టుకుంటే నీరసం వస్తుంది. ఒక్క మనిషి చాలు.

లిపి మాత్రం ముందే నేర్చేసుకోండి. రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి చీలినవి, గుణింతాల పద్ధతి కూడా అదే. మన తలకట్టు పైకి లేస్తుంది, వాళ్లది అడ్డగీత. త, శ లాంటి కొన్ని వేరుగా ఉంటాయి, వాటినే దిద్దుకోండి. 2024 చట్టసవరణతో దుకాణాల బోర్డుల్లో 60 శాతం కన్నడ ఉండాలి. చాలా బోర్డుల్లో పక్కనే ఇంగ్లిష్ కూడా ఉంటుంది కాబట్టి, బస్సులోంచి కన్నడ చదివి వెంటనే సరిచూసుకోవచ్చు. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో నేను చదవడం నేర్చుకున్నది ఇలాగే.

'వెళ్తాను' అనడానికి పుస్తకాల్లో "హోగుత్తేనె" అని ఉంటుంది, జనం "హోగ్తీని" అంటారు. పుస్తకం పూర్తిచేసి, బయట మాట అర్థంకాక మానేసినవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. మాట్లాడే రూపమే ముందు పట్టుకోండి. పత్రికలు తర్వాత.

కొన్ని నెలలకి ఇంకో దశ వస్తుంది. రెండూ దగ్గరి భాషలు కదా, విన్నది చాలావరకు అర్థమవుతుంది, నోరు మాత్రం పెగలదు. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. అప్పుడు కొత్త మాటలు బట్టీపట్టడం ఆపి, ఇంగ్లిష్‌లో చేస్తున్న ఏదో ఒక పనిని పూర్తిగా కన్నడలోకి మార్చండి. గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయికి ఫోన్‌లో ఇంటి దారి చెప్పడం నేను అలా మార్చుకున్నాను. గుడి దాటాక ఎడమ సందు, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఫోన్‌లో చేత్తో చూపించడం కుదరదు కాబట్టి మాట రావాల్సిందే. అది టెన్షన్ లేకుండా వచ్చాక ఆటోవాళ్లతో, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ మీటింగుల్లో మాట్లాడటం మొదలుపెట్టాను.