పాఠకుల ప్రశ్నలు: జూలో ఏనుగు చనిపోతే ఏం చేస్తారు?

ప్ర: హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో రాణి అనే ఏనుగు 2021 జూన్‌లో, 83 ఏళ్ల వయసులో చనిపోయిందని అప్పట్లో చదివాం. అంత పండు వయసులో పోయినా పోస్టుమార్టం తప్పదా? (విజయవాడ)

జ: తప్పదండీ. 2009 నాటి జూ గుర్తింపు నియమాల ప్రకారం జూలో ఏ జంతువు చనిపోయినా అనుభవమున్న పశువైద్యులు పోస్టుమార్టం చేయాలి. ఆ నివేదికను కనీసం ఆరేళ్లు దాచాలి. నియమం సంగతి పక్కన పెట్టినా, ‘ముసలితనం’ అని రాసి ఊరుకుంటే మిగిలిన ఏనుగులకు అన్యాయం చేసినట్టే. ఏనుగుకు దవడ పళ్లు ఆరు విడతలుగా వస్తాయి. ఆఖరి విడత అరిగిపోతే ఎంత మేత వేసినా నమల్లేక చిక్కిపోతుంది. అరికాళ్ల పుండ్లు, కీళ్లవాతం కూడా ఏళ్ల తరబడి తినేస్తాయి. అదే దొడ్డిలో ఉన్న తక్కిన ఏనుగుల మేతను, నేలను మార్చాలంటే ఇవన్నీ తెలియాలి.

కత్తి పట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. జంతువు ఉన్నట్టుండి చనిపోయి, ముక్కు నుంచో మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దొమ్మరోగాన్ని (ఆంత్రాక్స్) అనుమానించాలి. చెవి సిర నుంచి ఒక్క చుక్క రక్తం తీసి, గాజు పలక మీద పూసి, మైక్రోస్కోపు కింద చూస్తారు. దొమ్మ అని తేలితే కళేబరాన్ని కోయరు. కోస్తే లోపలి క్రిములకు గాలి తగిలి సిద్ధబీజాలుగా (గట్టి పెంకు కట్టుకున్న స్పోర్లుగా) మారతాయి, ఆ నేలలో దశాబ్దాల పాటు బతికే ఉంటాయి.

దొమ్మ కాదని తేలాక ఇక ఆలస్యం పనికిరాదు. మందపాటి చర్మం, భారీ ఒళ్లు కావడంతో లోపలి వేడి బయటికి పోదు. ఎండాకాలంలో కొద్ది గంటల్లోనే పేగులు పరీక్షకు పనికిరాకుండా కుళ్లిపోతాయి. పైన ఐసు పరిచినా చల్లదనం లోపలి దాకా చేరదు. ల్యాబు పరీక్షకు అవయవాల నుంచి సేకరించే ముక్కలు అర సెంటీమీటరు మందం మించకూడదు. వాటి పరిమాణానికి పది రెట్లు ఉండేలా పోసిన 10 శాతం ఫార్మలిన్‌లో (కుళ్లకుండా కాపాడే మందునీళ్లు) వేయాలి. పెద్ద ముక్కను చిన్న సీసాలో కుక్కితే మందు లోపలికి ఇంకక నడిమధ్యన కుళ్లుతుంది, ల్యాబు వాళ్లకు ఏమీ కనబడదు. విషం అనుమానం ఉంటే పొట్టలోని మేత, కాలేయం, మూత్రపిండం విడిగా, ఫార్మలిన్ తగలకుండా ఐసులో పంపాలి.

ఏనుగును తొలిసారి కోసేవాళ్లు ఊపిరితిత్తుల దగ్గర పొరబడతారు. మిగతా జంతువుల్లో ఊపిరితిత్తికి, ఛాతీ గోడకు మధ్య ఖాళీ ఉంటుంది. ఏనుగులో ఊపిరితిత్తి పుట్టుకతోనే ఛాతీ గోడకు సంధాయక కణజాలంతో (అవయవాలను కలిపి ఉంచే పీచు పొరతో) అతుక్కుని ఉంటుంది. అది చూసి క్షయ వల్ల అతుక్కుందని రాసేస్తే నివేదిక మొత్తం తప్పుదారి పడుతుంది. అయితే ఏనుగులకు క్షయ నిజంగానే వస్తుంది, మనుషులకూ అంటుతుంది. కాబట్టి కోసేవాళ్లు, పక్కన నిలబడే మావటి, అందరూ ఎన్95 మాస్కు పెట్టుకోవాల్సిందే.

ప్ర: అంత పెద్ద శరీరాన్ని పూడ్చడం ఎలా? దంతాలు ఏమవుతాయి? (కరీంనగర్)

జ: పెద్ద ఆడ ఏనుగు మూడు టన్నుల దాకా తూగుతుంది. క్రేన్‌తో ఎత్తడం కన్నా, చనిపోయిన చోటికి దగ్గర్లోనే జేసీబీతో గొయ్యి తీయడం నయం. సుమారు 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 11 అడుగుల లోతు ఉంటే, పక్కకు పడుకోబెట్టిన ఒంటి మీద ఆరడుగుల మట్టి పడుతుంది. అంతకన్నా తక్కువైతే వాసనకు కుక్కలు తవ్వుతాయి. గొయ్యి అడుగు భూగర్భజలానికి పైనే ఉండాలి. మీరాలం చెరువు పక్కనే ఉన్న హైదరాబాద్ జూ లాంటి చోట ఈ లెక్క ముందే చూసుకోవాలి. ఇసుక నేలైతే గోడలు విరిగిపడతాయి, అంచులు వాలుగా తీయాలి. పూడ్చాక రెండు మూడడుగుల దిబ్బ వదలాలి. కొన్ని నెలలకు ఒళ్లు కరిగి నేల కుంగుతుంది, దిబ్బ లేకపోతే అక్కడ వాననీరు నిలుస్తుంది.

సున్నం చల్లితే త్వరగా కరిగిపోతుందని చాలామంది నమ్మకం. నిజానికి సున్నం వాసనను తగ్గిస్తుంది కానీ కుళ్లడాన్ని నెమ్మదింపజేస్తుంది. దొమ్మతో పోయిన కళేబరానికైతే సున్నం వద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన, ఎందుకంటే అందులోని కాల్షియం సిద్ధబీజాలు ఎక్కువకాలం బతకడానికి తోడ్పడవచ్చు. అలాంటి కళేబరాన్ని కోయకుండా కాల్చడమే మంచి దారి.

దంతాల విషయంలో పెదవి దగ్గర రంపంతో కోసేయడం పెద్ద తప్పు. దంతంలో దాదాపు మూడో వంతు పుర్రెలోనే ఉంటుంది. ఆ మొదలును మట్టిలో వదిలేస్తే దొంగలను పిలిచినట్టే. చుట్టూ ఎముకను తొలిచి మొదలంటా తీసి, పొడవు, చుట్టుకొలత, బరువు పంచనామాలో రాసి, గుర్తు వేసి అటవీశాఖ స్వాధీనం చేస్తారు. చట్టప్రకారం అది ప్రభుత్వ ఆస్తి.

ప్ర: మరి పులిని కాల్చేస్తారెందుకు? (తిరుపతి)

జ: పులి ఒంట్లో దొంగబజారుకు పనికిరాని భాగం లేదు. చర్మం, గోళ్లు, కోరలు, మీసాలు, ఎముకలు, అన్నిటికీ కొనేవాళ్లున్నారు. అందుకే ముందు గోళ్లు, కోరలు లెక్కపెట్టి, ఫొటోలు తీసి, చర్మంతో సహా అధికారుల ఎదుటే కాలుస్తారు. మనిషి దహనానికే నాలుగైదు క్వింటాళ్ల కట్టెలు పడతాయి, 200 కిలోల మగపులికి అంతకు మించే కావాలి. కట్టెలు పచ్చివైతే పైన మాడి లోపల కోరలు, గోళ్లు మిగులుతాయి. బూడిదయ్యేదాకా అక్కడి నుంచి ఎవరూ కదలకూడదు.

ప్ర: డెన్మార్క్‌లో జిరాఫీని సింహాలకు వేశారని విన్నాను. మన దగ్గర ఆ మాంసం వృథా కాదా? (నెల్లూరు)

జ: మీరు విన్నది 2014 ఫిబ్రవరిలో కోపెన్‌హాగన్ జూలో జరిగింది. మారియస్ అనే ఆ జిరాఫీ ఆరోగ్యంగా ఉంది, దాన్ని మందుతో కాకుండా తుపాకీతో చంపారు. మాంసంలోకి మందు చేరకూడదనే అలా చేశారు. జబ్బుతో పోయిన జంతువు సంగతి వేరు. నొప్పి లేకుండా కన్నుమూయడానికి ఇచ్చే పెంటోబార్బిటాల్ మందు మాంసంలో నిలిచి ఉంటుంది, తిన్న జంతువునూ చంపగలదు. ఇక నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ మందు, మాంసం ద్వారా చేరి రాబందుల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పశువైద్యంలో దాన్ని 2006లోనే నిషేధించారు. చికిత్స పొందుతూ పోయిన జంతువు మాంసాన్ని ఇతర జంతువులకు వేయకపోవడమే సరైన పని.

ప్ర: అస్థిపంజరాన్ని మా కాలేజీకి అడిగితే ఇస్తారా? (వరంగల్)

జ: పశువైద్య కళాశాలలకు, మ్యూజియంలకు చదువు కోసం ఇచ్చే వీలుంది, కానీ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే ముఖ్య అధికారి) అనుమతి లేకుండా ఒక్క ఎముకను కూడా కదపకూడదు. అడగదలిస్తే జంతువు బతికుండగానే దరఖాస్తు చేయండి. పూడ్చే ముందే మాంసం తీసి, కాళ్ల ఎముకలను కుడి, ఎడమ విడదీసి, సన్నరంధ్రాల నైలాన్ సంచుల్లో గుర్తులు కట్టి పూడ్చాలి. అలా చేయకపోతే తర్వాత తవ్వినప్పుడు పాదాల చిన్న ఎముకలు సగం దొరకవు. ఏనుగు ఎముకల్లో కొవ్వు చాలా ఎక్కువ. తవ్వి తీశాక గోరువెచ్చని సబ్బునీళ్లలో నెలల తరబడి, నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. కొవ్వు మిగిలితే ఎముక పసుపు పచ్చగా మారి, జిడ్డు కారి, కంపు కొడుతుంది. మరిగే నీళ్లు, బ్లీచింగ్ పౌడర్ మాత్రం వాడకండి, ఎముక గుల్లబారి రాలిపోతుంది.